విరిగిన చోట తప్పు వెతకొద్దు

అందరికీ నమస్కారం. కూర్చోండి. వెనకాల గోడకు ఆనుకుని నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు వస్తే మంచిది. నా దగ్గర స్లైడ్లు లేవు. రాయి తొలిచే మిషన్లు, వాటి సామాన్లు ఎందుకు పాడవుతాయో చెప్పడానికి వచ్చాను. ఈ బల్ల మీద ఉన్న ఇనుమే నా పాఠం. రెండు విరిగిన రాడ్లు, రాడ్డు చివర ఉండి రాయిని నలిపే ఒక బటన్ బిట్, రాడ్డును మిషన్‌లో పట్టి ఉంచే ఒక చక్ బుష్, రాడ్డును కొట్టే ఒక పిస్టన్. అయ్యాక అన్నీ మీ చేతుల్లోకే ఇస్తాను.

గనిలో నా పని డ్రిల్లర్ దగ్గర హెల్పర్‌గా మొదలైంది. తర్వాత నేనే డ్రిల్లర్‌నయ్యాను. చివరి పదిహేనేళ్లు రిపేరు షెడ్డులో ఫోర్‌మన్‌ని. మిషన్ పట్టుకుని ఆడించినన్నాళ్లూ నాకు అర్థం కాని ఒక విషయం షెడ్డులోకి వచ్చాక తెలిసింది. విరిగి వచ్చిన వస్తువు దెబ్బ తిన్నది మాత్రమే. దెబ్బ కొట్టింది ఇంకోటి. అది ఇంకా మిషన్‌లోనే ఉంటుంది, కొత్త వస్తువు వేయగానే దాన్ని కూడా తినడానికి.

నేను హెల్పర్‌గా ఉన్నప్పటి సంగతి. ఒక జాక్‌హ్యామర్ మీద, అంటే చేత్తో పట్టి గాలితో ఆడించే మిషన్ మీద, వారంలో మూడు రాడ్లు విరిగాయి. మూడూ కాలర్ దగ్గరే, అంటే మిషన్‌లోకి దూరే కొస పక్కనుండే ఉబ్బు దగ్గరే. మేమందరం రాడ్లు నాసిరకం అన్నాం. స్టోర్స్ వాళ్లతో గొడవ కూడా పడ్డాం. అప్పటి ఫోర్‌మన్ పెద్దాయన ఏం మాట్లాడకుండా వచ్చి, ఒక కొత్త రాడ్డు తీసుకుని మిషన్‌లో పెట్టి, రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. టక్ టక్ అని చప్పుడు. "వినపడిందా? ఇదీ మీ నాసిరకం రాడ్డు" అన్నాడు. చక్ బుష్ అరిగిపోయింది. దాన్ని మార్చాక అదే స్టోర్స్ ఇచ్చిన, అదే రకం రాడ్లు మామూలుగా ఆడాయి. గొడవ పడ్డందుకు మళ్లీ స్టోర్స్‌కి వెళ్లడానికి మాకు మొహం చెల్లలేదు.

ఈ బుష్ చూడండి. లోపల ఆరు పలకలుండాలి. ఇందులో మూలలు కరిగిపోయి దాదాపు గుండ్రంగా అయ్యాయి. చేతి మిషన్లకు మనం ఎక్కువగా వాడే రాడ్డు షాంక్ కూడా, అంటే మిషన్‌లోకి దూరే కొస కూడా, ఆరు పలకలదే. పలక నుంచి పలకకు 22 మి.మీ., పొడవు 108 మి.మీ. ఆ షాంక్ ఇందులో బిగువుగా కూర్చుంటే పిస్టన్ దెబ్బ షాంక్ ముఖం మొత్తం మీద సమంగా పడుతుంది. వదులైతే షాంక్ ఒక పక్కకు వాలి, దెబ్బ అంచు మీద పడుతుంది. అప్పుడు షాంక్ అంచు చిట్లుతుంది, పిస్టన్ మొహం గుంట పడుతుంది, కాలర్ దగ్గర రాడ్డు ప్రతి దెబ్బకూ కొంచెం వంగుతుంది. తర్వాత మనం చేసే పని ఏమిటంటే పిస్టన్ మార్చి, ఆ చిట్లిన షాంక్ ఉన్న రాడ్డునే మళ్లీ పెడతాం. కొత్త పిస్టన్ ఒక్క షిఫ్టులో పాతదైపోతుంది. పిస్టన్ మార్చినప్పుడు షాంక్ ముఖం చూడండి. షాంక్ పాడైతే బుష్ చూడండి.

అసలు దెబ్బ అనేది ఎలా ప్రయాణిస్తుందో ఒకసారి మనసులో బొమ్మ గీసుకుంటే మిగతా సగం అర్థమైపోతుంది. జాక్‌హ్యామర్ పిస్టన్ నిమిషానికి సుమారు 2000 సార్లు కొడుతుంది. గంటసేపు ఆడితే లక్షా ఇరవై వేల దెబ్బలు. ప్రతి దెబ్బా రాడ్డులో ఒక నొక్కుడు అలలా పోతుంది, సెకనుకు ఇంచుమించు 5000 మీటర్ల వేగంతో. అంటే 2.4 మీటర్ల రాడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు చేరడానికి సెకనులో రెండు వేలవ వంతు. అక్కడ బిట్ రాయికి గట్టిగా ఆని ఉంటే దెబ్బలో ఎక్కువ భాగం రాయిలోకి దిగుతుంది. ఆని లేకపోతే పోవడానికి దారి లేదు కాబట్టి అల వెనక్కి తిరుగుతుంది. తిరిగేటప్పుడు నొక్కుడు కాస్తా లాగుడవుతుంది. ఉక్కు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది. లాగుడు దగ్గరే దానికి చిక్కు. ఎక్కడ చిన్న గీత ఉన్నా లాగుడు దాన్ని తెరుస్తుంది. ఖాళీగా మిషన్ ఆడించొద్దు అని మేం పదే పదే అరిచేది ఇందుకే. బిట్ గాల్లో ఉండగా వాల్వు పూర్తిగా తెరిచి, ఒక చేత్తో చెమట తుడుచుకునే డ్రిల్లర్‌ని నేను రోజూ చూశాను. ఆ అర నిమిషంలో వెయ్యి దెబ్బలు వెనక్కి తిరిగాయి.

మిషన్‌ను రాయి మీదకు నొక్కే ఒత్తిడి చాలకపోతే చెవికి తెలుస్తుంది. మోత గలగలలాడుతుంది. పెద్ద మిషన్లలో రాడ్లను కలిపే కప్లింగులు వేడెక్కుతాయి, మరల మీద పొక్కులు లేస్తాయి. ఒత్తిడి ఎక్కువైతే తిరుగుడు మందగిస్తుంది, రాడ్డు విల్లులా వంగుతుంది. సరిగ్గా ఉన్నప్పుడు వచ్చే మోత బిగువుగా, ఒకే తీరుగా ఉంటుంది. ఇది మాటల్లో చెప్పడం కష్టం. మంచి డ్రిల్లర్ పక్కన వారం రోజులుంటే చాలు, తేడా పట్టేస్తారు. చెవులకు రక్షణ పెట్టుకున్నా తెలుస్తుంది, కాబట్టి వినాలి కదా అని ఇయర్ మఫ్ తీసేయకండి.

ఇప్పుడు ఈ మొదటి రాడ్డు. విరిగిన ముఖం మీద టార్చి వేసి చూడండి. ఒక పక్క నున్నగా, ఆల్చిప్ప లోపలి వైపులా గీతలు గీతలుగా ఉంది. మిగతాదంతా గరుకుగా, పంచదార పలుకుల్లా ఉంది. నున్నగా ఉన్న భాగం చాలా షిఫ్టులుగా నెమ్మదిగా పాకిన పగులు. గరుకు భాగం చివరి క్షణంలో ఒక్కసారిగా తెగినది. ఆ ఆల్చిప్ప గీతలన్నీ ఎక్కడి నుంచి మొదలయ్యాయో వెనక్కి వెళ్లి చూస్తే, ఇదిగో, పైన ఒక సొట్ట. సమ్మెట దెబ్బ. బిట్ ఇరుక్కుంటే రాడ్డును సమ్మెటతో కొట్టి వదిలించారు. ఆ రోజు పని జరిగిపోయింది. ఎన్నో రోజుల తర్వాత ఇంకో డ్రిల్లర్ చేతిలో విరిగింది, తిట్లు అతను తిన్నాడు. రాడ్డు పైపొర కావాలనే గట్టిపరిచి ఉంటుంది, దాని మీద గట్టి సమ్మెట పడితే సొట్టే కాదు, ముక్కలు కూడా లేస్తాయి. అలాంటి ముక్క ఒకటి కంట్లో పడి చూపు పోయిన మనిషి మా షిఫ్టులోనే ఉన్నాడు. రాడ్లను నేల మీద ఈడ్చడం, లారీ మీద నుంచి దొర్లించడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

పగులు లోపలి నుంచి కూడా పుడుతుంది. రాడ్డు మధ్యలో నీళ్లు పోయే సన్నని రంధ్రం ఉంది కదా. కొన్ని గనుల నీటిలో ఆమ్లం ఉంటుంది, రంధ్రం గోడ తుప్పు పట్టి గుంటలు పడుతుంది. పైన నిగనిగలాడే రాడ్డు కూడా లోపల పుచ్చి ఉండొచ్చు. వారాల తరబడి వాడకుండా పెట్టాలంటే నీళ్లు ఊదేసి, లోపలికి కాస్త నూనె పోసి, రాక్ మీద పడుకోబెట్టాలి.

ఇక బిట్. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఏమిటో చూడాలంటే సానపట్టని బిట్‌ను చూడాలి. ఈ బిట్ చూడండి. ఉక్కు ఒంట్లో గుచ్చిన ఈ గుండ్రటి పళ్లు టంగ్‌స్టన్ కార్బైడ్ బటన్లు. రాయిని నలిపేది ఇవే. ఇవి గుండ్రంగా ఉన్నంతసేపు దెబ్బ ఒక చిన్న చుక్క మీద పడుతుంది. అరిగేకొద్దీ పైన చదును ఏర్పడుతుంది. ఆ చదును వెడల్పు బటన్ వ్యాసంలో మూడో వంతుకు వచ్చిందంటే సానపట్టాలి. స్కేలు పెట్టి కొలవండి, కంటితో చూసి "ఇంకో షిఫ్టు ఆడుతుందిలే" అనొద్దు. ఆ ఇంకో షిఫ్టు అన్న మాటకు మూల్యం చాలామంది కడతారు. చదునైన బిట్ రాయిలోకి దిగదు, దెబ్బ వెనక్కి తిరుగుతుంది, తిప్పడానికి బలం ఎక్కువ కావాలి, కప్లింగు మరలు అరుగుతాయి, షాంక్ తెగుతుంది, చివరికి బటన్ కూడా పగిలి రంధ్రంలో పడుతుంది. ఆ పడ్డ కార్బైడ్ ముక్క మీదే మళ్లీ కొత్త బిట్ పెట్టి కొడితే దాని పళ్లు కూడా రాలతాయి.

క్వార్ట్జ్ ఎక్కువున్న రాళ్లలో ఈ చదును త్వరగా కనిపిస్తుంది, కాబట్టి మనిషి జాగ్రత్తపడతాడు. సున్నపురాయి లాంటి మెత్తని రాళ్లలో అసలు మోసం ఉంది. బటన్ అరగదు, నిగనిగా మెరుస్తూ కొత్తదానిలా ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తే దాని మీద సన్నని పగుళ్ల వల, పాము చర్మం మీద పొలుసుల్లా. మా వాళ్లు స్నేక్ స్కిన్ అనే అంటారు. ఆ పొరను తేలిగ్గా సానతో తీసేయాలి. అరగలేదు కదా అని వదిలేస్తే ఒకరోజు బటన్ నిలువునా చీలుతుంది. అందుకే అలాంటి చోట అరుగుదల చూసి కాక, ఇన్ని మీటర్లు తొలిస్తే ఒకసారి సాన అని లెక్క పెట్టుకోవాలి.

సానపట్టడంలో రెండే రెండు తప్పులు ఎక్కువగా జరుగుతాయి. ఒకటి, బటన్‌ను మాత్రమే గుండ్రం చేసి చుట్టూ ఉన్న ఉక్కును అలాగే వదిలేయడం. బటన్ పైకి పొడుచుకుని ఉండకపోతే ఉక్కే రాయికి తగులుతుంది. రెండోది, పొడిగా సానపట్టి, వేడెక్కగానే నీళ్లలో ముంచడం. కార్బైడ్ ఆ ఉలికిపాటు తట్టుకోదు, పగులుతుంది. మొదటి నుంచీ చివరిదాకా నీళ్లు పారుతూనే ఉండాలి. నీళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. కార్బైడ్‌ను అతికి పట్టుకునే లోహం కోబాల్ట్. ఆ ధూళి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి.

బయటి వరుస బటన్ల పక్కన బిట్ ఒళ్లు కూడా చూడాలి. అరిగిన బిట్ కింద సన్నగా, పైన లావుగా తయారవుతుంది. అలాంటిది రంధ్రంలోకి దిగుతుంది కానీ బయటకు రాదు. ఈ అరుగుదలను ముందే లెక్కలో వేసుకున్న మనుషులున్నారు. చేతి మిషన్ ఇంటిగ్రల్ రాడ్లు, అంటే బిట్ తలతో కలిపి ఒకే ముక్కగా ఉండేవి, మీరు చూసే ఉంటారు. 0.8 మీటర్ల రాడ్డుకు బిట్ 34 మి.మీ. ఉంటే, 1.6 మీటర్ల దానికి 33, 2.4 మీటర్ల దానికి 32. పొడుగు రాడ్డుకు సన్నని తల. ముందు రాడ్డు తొలిచిన రంధ్రంలోకి తర్వాతది ఇరుక్కోకుండా దిగాలి. పొట్టి రాడ్డును అరగదీసి అరగదీసి 32కు తెచ్చి, తర్వాత కొత్త పొడుగు రాడ్డు దిగడం లేదని మిషన్‌ను తిట్టేవాళ్లకు ఈ ఒక్క మిల్లీమీటరు కథ చెప్పండి.

నూనె సంగతికి వస్తాను. షెడ్డుకు వచ్చే మిషన్లలో సగం నూనె లేక వచ్చినవే అని నాకు అనిపిస్తుంది. ఇది లెక్క కాదు, నా అనుభవం. గాలి గొట్టం మీద ఉండే లైన్ లూబ్రికేటర్ మిషన్‌కు 3, 4 మీటర్ల లోపే ఉండాలి. దూరంగా పెడితే నూనె గొట్టం గోడలకు అంటుకుని అక్కడే ఆగుతుంది. నూనె అందుతోందో లేదో తెలుసుకోవడానికి గేజీ అక్కర్లేదు. మిషన్ ఆడుతుండగా ఎగ్జాస్ట్ ముందు ఒక తెల్ల కాగితం కాసేపు పట్టుకోండి. సన్నగా తడి పొరలా నూనె అంటితే సరి. పొడిగా ఉంటే ఆపేయండి. చుక్కలు చుక్కలుగా కారుతుంటే ఎక్కువైంది, ఆ పొగమంచు మీ ఊపిరిలోకే పోతుంది. రాడ్డు తీసి షాంక్ ముట్టుకున్నా తెలుస్తుంది. తడిగా జిడ్డుగా ఉండాలి. నీలం రంగు తిరిగితే కాలిందని అర్థం.

ఇంజన్ ఆయిల్ పోస్తే ఏం పోయింది అని అడుగుతారు. గాలితో పాటు తేమ వస్తుంది. రాక్ డ్రిల్ ఆయిల్ ఆ నీటితో కలిసి కూడా లోహానికి అంటుకునే ఉంటుంది, అంత దెబ్బలోనూ పొర చెదరదు. మామూలు నూనెను ఆ తేమ కడిగేస్తుంది. ఇంకో మాట. గొట్టం మిషన్‌కు తగిలించే ముందు, చివర గట్టిగా పట్టుకుని, మనుషులు లేని వైపు తిప్పి ఒకసారి గాలి ఊదండి. నేల మీద పడి ఉన్న గొట్టంలో చేరిన ఇసుకంతా లేకపోతే పిస్టన్ దగ్గరకే వెళుతుంది. పది సెకన్ల పని.

నీళ్లు. రాయి తొలిచే మిషన్ల చరిత్రలో చాలామంది చనిపోయింది పొడిగా తొలవడం వల్ల. మిషన్ అంటే మొదట్లో భయపెట్టింది దాని విరుగుళ్లే. అమెరికాలో హూసాక్ సొరంగంలో 1866లో దించిన తొలి యంత్రాలు మాటిమాటికీ పాడైతే, అదే ఏడాది చార్లెస్ బర్లీ మార్చి చేసిన యంత్రాలు వచ్చాయి. యంత్రం నిలబడ్డాక ధూళి మొదలైంది. 1890 దశకం చివర్లో జాన్ జార్జ్ లేనర్ బోలు రాడ్డు పెట్టి, లోపలి నుంచి గాలి ఊది పొడి బయటకు తోసే డ్రిల్ చేశాడు. పని జోరుగా సాగింది, కానీ ఆ ధూళికి భయపడి కార్మికులు దాన్ని ముట్టుకోబోమన్నారు. అప్పుడు గాలితో పాటు నీళ్లు పంపాడు. ధూళితో ఊపిరితిత్తులు గట్టిపడి మనుషులు పోతుంటే ఆ పాత పొడి డ్రిల్స్‌ను విడో మేకర్ అని పిలిచారు, ఆడవాళ్ల బొట్టు చెరిపే యంత్రం అన్నమాట. కాబట్టి మిషన్ లోంచి రాడ్డులోకి నీళ్లు పంపే సూది వంగిందనో, రంధ్రం పూడిందనో నీళ్లు లేకుండా "ఈ ఒక్క హోలూ" అని మొదలుపెట్టకండి. ఆ సూదిని షిఫ్టు మొదట్లోనే తీసి చూడండి. అది తెగినా, రబ్బరు సీలు పోయినా నీళ్లు మిషన్ లోపలికి వచ్చి నూనెను కడిగేస్తాయి. నీటి ఒత్తిడి గాలి ఒత్తిడి కంటే కనీసం 1 బార్ తక్కువ ఉండాలనడం కూడా అందుకే.

నూనె ఒత్తిడితో ఆడే హైడ్రాలిక్ మిషన్ల గురించి విడిగా ఒక రోజు పెట్టుకుందాం. ఇవాళ నాలుగు ముక్కలే. ఒత్తిడిని నిల్వ ఉంచే అక్యుములేటర్‌లో నైట్రోజన్ తప్ప ఇంకేదీ నింపకూడదు. ఆక్సిజన్ సిలిండర్ దగ్గర్లో ఉంది కదా అని తగిలిస్తే, నూనె తగిలి పేలుతుంది. ఏ గొట్టం విప్పాలన్నా ముందు ఒత్తిడి పూర్తిగా వదిలేయాలి. కారుతున్న సన్న రంధ్రం ఎక్కడుందో చేత్తో తడమొద్దు, అట్ట ముక్క పెట్టి చూడండి. ఆ ధార చర్మంలోంచి సూదిలా దిగుతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, కానీ వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలు, కొన్నిసార్లు చెయ్యి తీసేయాల్సి వస్తుంది. గొట్టం విప్పిన మరుక్షణం రెండు చివర్లకూ మూతలు పెట్టండి. మూత దొరక్క గుడ్డ కుక్కేవాళ్లున్నారు, ఆ గుడ్డ పోగులు వాల్వులో తేలతాయి.

డీటీహెచ్ హ్యామర్, అంటే రాడ్ల చివర రంధ్రంలోకే దిగి బిట్‌ను కొట్టే హ్యామర్, వాడేవాళ్లకు ఒకటే చెబుతాను. రాడ్లు ఎత్తేటప్పుడు కూడా తిరుగుడు బిగించే వైపే ఉండాలి. ఒకసారి నైట్ షిఫ్టులో నిద్రమత్తులో నేనే వెనక్కి తిప్పాను. మర విప్పుకుని హ్యామర్, బిట్ రెండూ 20 మీటర్ల లోతులో ఉండిపోయాయి. రెండు రోజులు గాలించినా రాలేదు. పక్కన కొత్త రంధ్రం తొలిచాం. హ్యామర్ ఇప్పటికీ అక్కడే ఉందనుకుంటాను.

మనిషి చెయ్యి కూడా ఈ పరికరాల్లో ఒకటే. 1918లో డాక్టర్ ఆలిస్ హామిల్టన్ అమెరికాలోని ఇండియానాలో గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కేవాళ్లను పరీక్షించారు. చలిలో వాళ్ల వేళ్లు తెల్లగా పాలిపోయి స్పర్శ పోతున్నట్టు రాశారు. అదురు చేసే పని అది. అరిగిన చక్ బుష్, వదులైన బోల్టులు, మొద్దు బిట్, ఇవన్నీ ఆ అదురును పెంచుతాయి. మిషన్ ఇవాళ మామూలు కంటే ఎక్కువ అదురుతోందని డ్రిల్లర్ చెబితే అతను సుకుమారం పోతున్నాడని నవ్వకండి. నేను నవ్వేవాణ్ని.

ఇక ప్రశ్నలు. అవును, ఆ నీలం చొక్కా అబ్బాయి.

కంప్రెసర్ దగ్గర 7 బార్ చూపిస్తోంది, మిషన్ మాత్రం నీరసంగా ఆడుతోంది అంటున్నారు. కంప్రెసర్ దగ్గరి గేజీ చూసి లాభం లేదు. మిషన్ ఆడుతుండగా మిషన్ దగ్గరే కొలవండి. గొట్టం ఎంత పొడుగో చూడండి, సన్న కప్లింగు ఏదైనా తగిలించారేమో చూడండి. పని లేనప్పుడు లైన్ వెంట నడుస్తూ బుస్సుమనే చోట్లు లెక్కపెట్టండి. 7 బార్ దగ్గర 3 మి.మీ. కన్నం ఒక్కటి సెకనుకు సుమారు 10 లీటర్ల గాలి పోగొడుతుంది. ఒక జాక్‌హ్యామర్ తాగేది ఇంచుమించు 50, 60 లీటర్లు. అలాంటి కన్నాలు ఆరుంటే, మీ లైన్ మీద ఎవరికీ కనపడని ఇంకో మిషన్ ఆడుతోందన్నమాట.

సరే, టైమయింది. ఆ రెండో రాడ్డు ఎందుకు విరిగిందో నేను చెప్పలేదు. పైన ఎక్కడా గీత లేదు, సొట్ట లేదు. టార్చి ఇక్కడే ఉంది, ఒక్కొక్కరూ వచ్చి చూడండి. అంచు పదునుగా ఉంది, వేళ్లు జాగ్రత్త.